ముఖము తాకరాదు

ప్రభుత్వ గోదాముల తాళాల శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు లెండి. గోదాము ఒక శాఖది, అందులో సరుకు ఇంకో శాఖది, గుమ్మం ముందు కాపలా మరో శాఖది. తాళం మాత్రం ఈ శాఖది. పొద్దున్నే తియ్యాలి, సాయంత్రం వెయ్యాలి, తీశామనీ వేశామనీ పైకి తెలియజెయ్యాలి. ఈ ఒక్క పని మీద రాష్ట్రమంతటా బోలెడంతమంది బతుకుతున్నారు. అందులో హైమావతి ఒకతె.

హైమావతి కదిరిలో సీనియర్ అసిస్టెంటు. ఆమె భర్త వీర్రాజు కాకినాడలో ఐసు ఫ్యాక్టరీ ఫోర్‌మన్. కదిరిలో సముద్రమూ లేదు, చేపలూ లేవు, ఆ చేపల మీద పొయ్యడానికి ఐసు తయారుచేసేవాళ్ళూ లేరు కాబట్టి అతను ఇటు రాలేడు. వాళ్ళ పాప పండుకి నాలుగేళ్ళు. నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర కాకినాడలో పెరుగుతోంది. ఆ పిల్లకి అమ్మంటే ఫోనులో కనిపించే మనిషి. పక్కింటివాళ్ళు మీ అమ్మ ఏదే అని అడిగితే గబగబా లోపలికి పోయి ఫోను తెచ్చి చూపించేదట. అత్తగారు నవ్వుతూ చెప్పిన ఈ మాటకు హైమావతి కూడా నవ్వింది. నవ్వి, ఫోను పెట్టేసి, ఆ పూట అన్నం ముట్టలేదు.

అందుకే ఈ ఏటి బదిలీల మీద ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుంది. ఇవి అయిపోతే మళ్ళీ అయిదేళ్ళ దాకా బదిలీలు లేవని ప్రభుత్వం ముందే చెప్పేసింది. భార్యాభర్తల కోటాలో కాకినాడ వచ్చి తీరుతుందని ఆఫీసులో అందరూ ధైర్యం చెప్పారు. వచ్చేదే. అంతలో శాఖవారు ఆరోగ్య దినోత్సవం జరుపుకున్నారు.

తాళాల శాఖ కమిషనర్ పురంజనరావు గారికి ఏదైనా ఒక సంగతి కొత్తగా తెలిస్తే దాన్ని రాష్ట్రం మీద రుద్దకుండా నిద్ర పట్టదు. ఆరోగ్య దినోత్సవానికి డాక్టర్ వారిజ అనే చర్మవైద్యురాలిని పిలిచారు. పాపం ఆవిడ మంచి మాటలే చెప్పింది. పొడి చర్మం కడుక్కున్నాక బిర్రబిగుసుకుంటుంది, కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి అంది. జిడ్డు చర్మం మెరుస్తోంది కదా అని గంటకోసారి సబ్బుతో తోమకండి, రెండుపూటలా కడిగితే చాలంది. నుదురూ ముక్కూ జిడ్డుగా, బుగ్గలు పొడిగా ఉంటే అది మిశ్రమ చర్మమనీ, ఏది రాసినా భగ్గుమనేది సున్నిత చర్మమనీ, ఏ గొడవా లేనిది సాధారణ చర్మమనీ, ఎవరైనా ఎండలోకి వెళ్ళేముందు సన్‌స్క్రీన్ రాసుకోవడం మంచిదనీ చెప్పి కూర్చోబోయింది.

అప్పుడు కమిషనర్ గారు లేచి, వాతావరణానికీ చర్మానికీ సంబంధం ఉంటుందా అని అడిగారు. కొంతవరకు ఉంటుందండి అంది డాక్టరు. ఆ 'కొంతవరకు' అనే మాట ఆ సభలో అందరికీ వినిపించింది, కమిషనర్ గారికి తప్ప.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఉద్యోగుల చర్మ స్వభావమునకు విరుద్ధమైన వాతావరణమున వారిని నియమించుట వలన శాఖ సామర్థ్యము దెబ్బతినుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. కావున ఇకపై బదిలీలన్నియు చర్మ ప్రాతిపదికన జరుపబడును. జిడ్డు చర్మము వారిని పొడి జిల్లాలకును, పొడి చర్మము వారిని తేమ జిల్లాలకును పంపవలెను. మిశ్రమ చర్మము వారు వారమున మూడు దినములు పొడి జిల్లాలోను, మూడు దినములు తేమ జిల్లాలోను పనిచేయవలెను. ఆదివారము ప్రయాణమునకు వినియోగించుకొనవచ్చును. సున్నిత చర్మము వారిని కదల్చరాదు. సాధారణ చర్మము వారిని ఎచ్చటికైనను పంపవచ్చును. ఇతర కోటాలన్నియు రద్దు పరచడమైనది."

ఆ చివరి వాక్యాన్ని హైమావతి రెండుసార్లు చదివింది. అద్దం ముందుకు వెళ్ళి చూసుకుంది. నుదురు మెరుస్తోంది. ముక్కు మెరుస్తోంది. బుగ్గలు మాత్రం పొడిగా ఉన్నాయి. అంటే మూడు రోజులు కదిరి, మూడు రోజులు కాకినాడ, ఆదివారం రైలు. అది కూడా అరకొర సుఖమే కదా అంటారేమో. కదిరికీ కాకినాడకూ మధ్య రైలు ఎంతసేపు నడుస్తుందో ఎక్కినవాళ్ళకు తెలుస్తుంది. ఆదివారం ఒక్కటీ వెళ్ళడానికే సరి, రావడానికి ఇంకో వారం కనిపెట్టాలి.

ఇక ఆమెకు దారి ఒక్కటే మిగిలింది. పొడి చర్మం తెచ్చుకోవాలి.

శాఖలో ఆ నెల ఎవరూ తాళాల సంగతి మాట్లాడలేదు. అందరూ మొహాల సంగతే. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న ఉద్యోగుల సంఘం పొడి సంఘం, జిడ్డు సంఘం, మిశ్రమ సంఘం అని మూడుగా చీలింది. మిశ్రమ సంఘంవాళ్ళు రైలు బోగీలో ఒక ఆఫీసు తెరవమని వినతిపత్రం ఇచ్చారు. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. సాధారణ చర్మం సంఘం మటుకు పుట్టలేదు. ఎక్కడికైనా పంపవచ్చునన్నాక మాది సాధారణమని ఒప్పుకునే వెర్రివాడు ఎవడుంటాడు? నున్నగా, నిగనిగలాడుతూ ఉన్నవాళ్ళు కూడా మా బాధ మీకేం తెలుసునని మొహం చిట్లించుకుని తిరిగారు.

ఆపైన ఆక్షేపణలకు గడువిచ్చారు. ఒకరి చర్మం మీద ఇంకొకరు ఫిర్యాదు పెట్టవచ్చునన్నమాట. ఫలానా సూపరింటెండెంటుగారు తమది పొడి చర్మమని చెప్పుకుంటున్నారు గానీ ఆయన తలగడ గలీబు చూసినవారెవరూ నమ్మరు అని ఒక టైపిస్టు రాసింది. ఆ టైపిస్టు ఆయన భార్యే. ఈవిడగారి తల్లివైపు వాళ్ళందరూ జిడ్డే అని ఆయనా వెంటనే ప్రత్యుత్తరం పంపాడు. విచారణాధికారి ఇద్దర్నీ ఎండలో నిలబెట్టి చూసి, ఇద్దరూ సమానంగా మెరుస్తున్నారని నివేదించాడు.

కదిరిలో హైమావతి పక్కసీటు రసూల్ బాషాది. ఆయనది అచ్చమైన పొడి చర్మం. చలికాలంలో ముంజేతి మీద గోటితో గీస్తే తెల్లగా అక్షరాలు పడేవి. ఆయన ఇల్లూ వాకిలీ, వేరుశనగ చేనూ అన్నీ కదిరిలోనే. ఆయనకు కాకినాడ వద్దు. కాబట్టి ఆయన జిడ్డోడు కావాలి. పొద్దున్నే గానుగ నూనె మొహానికి పట్టించుకుని వచ్చి, కుర్చీలో జారిపోకుండా కూర్చునేవాడు.

"ఎట్లుండాది మేడమ్, ఈ పొద్దు నా మొగము?" అని రోజూ అడిగేవాడు.

బ్రహ్మాండంగా ఉంది బాషా గారూ, ఈగ వాలినా జారిపడుతుంది అని హైమావతి మెచ్చుకునేది. ఆమె మొహం మాత్రం మెచ్చుకునే స్థితిలో లేదు. శనగపిండి, కుంకుడు రసం, ముల్తానీ మట్టి, చివరికి సుద్దముక్కల పొడి కూడా అయ్యాయి. ఎంత తోమితే నుదురు అంత మొండికేసి సాయంత్రానికి మళ్ళీ మెరిసేది. బుగ్గలు మటుకు పొట్టు రేగి ఎర్రబడ్డాయి. రాత్రి వీడియోలో చూసి వీర్రాజు ఉలిక్కిపడ్డాడు. ఏంటే హైమా అది, పెనం మీద గానీ పడ్డావా అన్నాడు. పొడిబారుతున్నానండీ అంది ఆమె గర్వంగా. మాట్లాడితే బుగ్గ లాగుతోంది, అయినా నవ్వింది.

చర్మ నిర్ధారణ పరీక్షకు కాకినాడ గోదామును కేంద్రంగా ప్రకటించారు. అక్కడి గాలిలో తేమ ప్రామాణికంగా ఉంటుందన్నది కారణం. సముద్రం ఒడ్డున అతిథి గృహం బాగుంటుందన్నది కారణం కాదని ఉత్తర్వులోనే స్పష్టంగా రాశారు. పరీక్షాధికారి సహాయ సంచాలకులు కూర్మనాథం గారు. నియమావళిలో కామా ఎక్కడుందో అక్కడ ఊపిరి పీల్చుకుని, ఫుల్‌స్టాప్ ఉన్నచోట మంచినీళ్ళు తాగే మనిషి. డాక్టర్ వారిజను కూడా నిపుణురాలిగా వెయ్యక తప్పింది కాదు. నేను మొహం కడుక్కోమని మాత్రమే చెప్పానండీ అని ఆవిడ కనిపించినవాళ్ళందరికీ సంజాయిషీ ఇచ్చుకుంటోంది.

పరీక్ష తేలికే. అధికారి ఎదుట మామూలు నీళ్ళతో మొహం కడుక్కోవాలి. అరగంటసేపు ఏమీ రాయకుండా, తాకకుండా కూర్చోవాలి. ఆ తర్వాత నుదురు మీద, ముక్కు మీద, బుగ్గల మీద పల్చటి కాగితం అద్ది చూస్తారు. కాగితం తడిస్తే జిడ్డు, తడవకపోతే పొడి, అక్కడక్కడా తడిస్తే మిశ్రమం. చిన్న పరీక్షే గానీ కూర్మనాథం గారి చేతిలో పడ్డాక ఏదీ చిన్నదిగా ఉండదు. గోదాము గోడ నిండా బోర్డులు వెలిశాయి. ముఖము తాకరాదు. నవ్వరాదు, బుగ్గ ముడతపడును. ఊదుకొనరాదు. కృత్రిమ గాలి వల్ల చర్మ స్వభావం మారుతుంది కాబట్టి ఫ్యాన్లు ఆపించేశారు. సహజమైన గాలి కోసం తలుపులు బార్లా తెరిచి ఉంచారు.

అది మే నెల. కాకినాడ. రేకుల గోదాము. ఫ్యాన్లు లేవు.

మొదటి వరుస కూర్చుని పావుగంట కాకుండానే పొడివాళ్ళూ జిడ్డువాళ్ళూ అని తేడా లేకుండా అందరూ కారిపోయారు. ముక్కు చివరినుంచి బొట్లు రాలుతున్నాయి. తుడుచుకోవడానికి వీల్లేదు. ఒకాయన ముక్కున వేలేసుకోబోయి, నియమం గుర్తొచ్చి చెయ్యి దించేసుకున్నాడు. అరగంట కాగానే కూర్మనాథం కాగితాలు అద్దుకుంటూ వెళ్ళాడు. అన్నీ తడిసిపోయాయి. జిడ్డు, జిడ్డు, జిడ్డు.

డాక్టర్ వారిజ ఇక ఉండబట్టలేక లేచి, అది చెమటండీ, నీళ్ళు, జిడ్డు వేరు చెమట వేరు అని మొత్తుకుంది.

"అమ్మా, నియమావళి ఆద్యంతము నాకు కంఠస్థము. అందులో చెమట అను పదము లేదు. లేని పదార్థమును నేను గుర్తింపజాలను" అన్నాడు కూర్మనాథం.

ఆ లెక్కన తీరప్రాంతపు ఉద్యోగులంతా మూకుమ్మడిగా పొడి జిల్లాలకు వెళ్ళిపోతున్నారు. మిశ్రమం అనే మాటే వినబడటం లేదు. రసూల్ బాషాకి కూడా జిడ్డనే తేల్చారు. ఆయన నూనె కడుక్కుని కూర్చున్నా చెమట ఆదుకుంది. కదిరి దక్కిందని ఆయన సంతోషం పట్టలేక, నవ్వకూడదని గుర్తొచ్చి, కళ్ళతో మాత్రం నవ్వుకుంటూ బయటపడ్డాడు.

హైమావతి రెండో వరుసలో ఉంది. పొద్దున రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఇంటికి కూడా వెళ్ళలేదు. మొహం కడుక్కుని కూర్చుంటుండగా డాక్టరు ఆమె బుగ్గలు చూసి నిర్ఘాంతపోయింది. ఏం పూశావమ్మా దీనికి అని మెల్లగా అడిగి, సంగతి విని, తలపట్టుకుంది.

"నీది నిక్షేపంలాంటి మిశ్రమ చర్మం. నుదుటికి ఒకలా, బుగ్గలకు ఒకలా చూసుకుంటే చాలు. ఆ సుద్దపొడి అవతల పారెయ్యి. పదిహేను రోజులు వట్టి నీళ్ళూ, కాస్త మెత్తటి క్రీమూ, అంతే" అంది ఆవిడ.

అలాగేనండి అంది హైమావతి. కానీ ఆమె మనసు బుగ్గల మీద లేదు. నుదుటి మీద మొదటి చెమటబొట్టు పుట్టడం ఆమెకు తెలుస్తోంది. రెండోది పుట్టింది. అది కనుబొమ మీదుగా దిగి, నెల్లాళ్ళు కష్టపడి ఎండబెట్టుకున్న బుగ్గ మీదకు నిర్భయంగా జారింది. ఇక కాగితం అద్దడమే తరువాయి. జిడ్డు. కదిరి. అయిదేళ్ళు. అప్పటికి పండుకి తొమ్మిదేళ్ళు వస్తాయి. ఏడుపొచ్చింది గానీ ఏడిస్తే కాగితం ఇంకా తడుస్తుందని ఆపుకుంది.

బార్లా తెరిచిన తలుపు దగ్గర వీర్రాజు పిల్లని తీసుకొచ్చి నిలబెట్టాడు. అమ్మని దూరంనుంచి చూపించి తీసుకెళ్దామని అతని ఉద్దేశం. అదిగో అమ్మ అన్నాడు. పండు చూసింది. ఫోనులో అయితే అమ్మ అరచేతిలో ఇమిడిపోయేది. ఇక్కడ కుర్చీ నిండా ఉంది. పిల్ల తండ్రి చెయ్యి విదిలించుకుని, బోర్డుల కింద నుంచి, కూర్మనాథం కాళ్ళ పక్కనుంచి వచ్చి, హైమావతి ఎదుట నిలబడింది. కాసేపు ఊరికే చూసింది. తర్వాత చెయ్యి ఎత్తింది.

హైమావతి మొహం పక్కకు తిప్పుకోవచ్చు. వద్దమ్మా అనొచ్చు. నియమం ఆమెకు తెలుసు, ఎదురుగా బోర్డు కూడా ఉంది. ఆమె కదల్లేదు. పిల్ల అరచెయ్యి పూర్తిగా బుగ్గమీద ఆనించింది.

"నాన్నా, అమ్మ వేడిగా ఉంది" అంది పండు.

హైమావతికి ఇంక ఏదీ ఆగలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని భోరుమంది. బుగ్గ మండుతోంది, పిల్ల ఆ బుగ్గ మీదే రెండు చేతులూ వేసి తుడుస్తోంది. వరుసలో ఉన్న ఆడవాళ్ళందరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ దెబ్బతో ఇంకో అయిదుగురు జిడ్డువాళ్ళయ్యారు.

కూర్మనాథం పరుగెత్తుకొచ్చాడు. ముఖము తాకబడినది, పరీక్ష చెల్లదు అని కేకేశాడు. చెల్లకపోతే ఏం చెయ్యాలో ఆయనకు కంఠస్థమే కాబట్టి కళ్ళు మూసుకుని అప్పగించాడు. "ముఖము తాకబడిన ఉద్యోగి చర్మమును అనిర్ధారితముగా పరిగణింపవలెను. అట్టి ఉద్యోగి, నిర్ధారణ ముగియు వరకు, పరీక్షా కేంద్రము గల పట్టణము విడిచి వెళ్ళరాదు. ఆ కాలమున సదరు పట్టణములోని గోదాము తాళములకు బాధ్యత వహింపవలెను."

చెప్పి కళ్ళు తెరిచాడు. మోసగాళ్ళను కట్టిపడెయ్యడానికి ఆయనే స్వయంగా రాసుకున్న నియమం అది. పరీక్షా కేంద్రం ఉన్న పట్టణం కాకినాడ. హైమావతి ఏడుస్తున్నది ఠక్కున ఆపేసి, మళ్ళీ ఒకసారి చెప్పండి సార్ అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. వీర్రాజు తలుపు దగ్గరే చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వరాదన్న బోర్డు ఉద్యోగులకే గానీ మొగుళ్ళకు వర్తించదు కాబట్టి అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత శాఖ పరిస్థితి చూడాలి. సున్నిత చర్మం సర్టిఫికెట్లు ముందే సంపాదించుకున్న ఏ కొద్దిమందో తప్ప ఉద్యోగులంతా పొడి జిల్లాలకు చేరారు. కదిరి గోదాముకి ఒక్కటే తాళం, దానికి నలభైమంది. ఒకరు తాళం పట్టుకునేవారు, ఒకరు చెవి అందించేవారు, ఒకరు దూర్చేవారు, ఒకరు తిప్పేవారు, మిగతావాళ్ళు తెరుచుకున్నదని ధ్రువీకరించేవారు. ఈ తంతు అయ్యేసరికి మూసే వేళయ్యేది. మన చెవి మనం తిప్పుకునే భాగ్యం కూడా లేకపాయె మేడమ్ అని బాషా ఫోను చేసి వాపోయాడు. తీరప్రాంతంలో చాలా గోదాములు తెరిచే దిక్కులేక మూతపడ్డాయి. తాళాలకు తగిన విశ్రాంతి లభించుచున్నది అని కమిషనర్ గారు పైకి నివేదించారు. కాకినాడలో మాత్రం ఊళ్ళో ఉన్న తాళాలన్నీ హైమావతి ఒక్కతే పొద్దున్నే తీసేసి, పదింటికల్లా కుర్చీలో కూర్చునేది.

ప్రతి సోమవారం ఆమెకు పునఃపరీక్ష. ప్రతి సోమవారం పండు పరుగెత్తుకొచ్చి అమ్మ బుగ్గ పట్టుకునేది. ఆ పిల్లకి అదొక ఆట అయిపోయింది. అనిర్ధారితము అని కూర్మనాథం రాసుకునేవాడు. డాక్టరు చెప్పినట్టు విన్నాక బుగ్గల ఎరుపు తగ్గి, పిల్ల ముద్దు పెట్టుకుంటే మండటం కూడా మానేసింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, శాఖలో నిర్ధారణ నూటికి నూరు శాతం పూర్తయిందని ప్రకటించాలని పురంజనరావు గారికి బుద్ధి పుట్టింది. రాష్ట్రం మొత్తానికి ఒక్క మొహం మిగిలిపోయిందని తెలిసి ఆయనే స్వయంగా కాకినాడ వేంచేశారు. ఉద్యోగి సంతానమును పరీక్షా స్థలమునకు ఫర్లాంగు దూరమున ఉంచవలెనని కొత్త మెమో కూడా వెంట తెచ్చారు. మొగుణ్ణి కూడా కలిపారు.

ఆ వేళ ముసురు పట్టింది. చల్లటి గాలి వీస్తోంది. చెమట పట్టే ప్రసక్తే లేదు. కాగితం అద్దితే నిజం బయటపడుతుంది. మిశ్రమం. మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ, ఆదివారం రైలు. హైమావతి మొహం కడుక్కుని కూర్చుంది. ఎదురుగా కమిషనర్ గారు, పక్కన కూర్మనాథం, ఆ పక్కన డాక్టర్ వారిజ. గోదాము రేకుల మీద వాన చప్పుడు చేస్తోంది. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలయింది. కమిషనర్ గారు నూరు శాతం అనే మాటను లోలోపల చప్పరిస్తున్నట్టు పెదాలు కదిలిస్తున్నారు. కూర్మనాథం కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

హైమావతి ఎన్నడూ పై అధికారి మాట జవదాటిన మనిషి కాదు. అధికారి తుమ్మితే లేచి నిలబడే రకం. ఆమె గోడ మీది బోర్డును ఒకసారి పైనుంచి కింది దాకా చదువుకుంది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, అరచేతులు బుగ్గలకు ఆనించుకుని, నుదుటి దాకా నిదానంగా పోనిచ్చి, ముక్కు కూడా ఒకసారి పట్టుకుని వదిలింది.

కూర్మనాథం అద్దబోతున్న కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. డాక్టర్ వారిజ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు.

"ఏమమ్మా, ఎవరి అనుమతితో తాకితివి?"

"నా మొహమేనండీ" అంది హైమావతి.

ఆయన నియమావళి తెప్పించి చూశారు. ఉద్యోగి మొహం ఉద్యోగిది కాదని అందులో ఎక్కడా లేదు. ఆ లోటు పూడ్చడానికి ఒక కమిటీ వెయ్యవలసి ఉంటుందన్నారు. అంతవరకు అనిర్ధారితమనే రాయమన్నారు.

కూర్మనాథం రాస్తున్నాడు. హైమావతి గొడుగు తీసుకుని, అవతల ఇంకా రెండు గోదాముల తాళాలు తియ్యాలండీ, వెళ్ళొస్తాను అని చెప్పి వానలోకి నడిచింది.